చౌరస్తా కాడ ఉయ్యాలో

ఆ ఏడు తంగేడు పువ్వు బస్సుల్లో రాలేదు.

అంతకుముందు ప్రతి ఏటా బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందే మా ఊళ్ళ వైపు నుంచి వచ్చే బస్సుల మీద గోనె సంచుల్లో తంగేడు, గునుగు ఎల్బీనగర్‌లో దిగేవి. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపోల్లోనే నిలబడిపోయాయి. బళ్ళు మూతపడ్డాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బొగ్గు లేదని మధ్యాహ్నాలు కరెంటు తీసేవాళ్ళు. అయినా పువ్వు ఆగలేదు. పాల క్యాన్ల మధ్య, స్కూటర్ల ముందు, సైకిల్ క్యారియర్ల మీద వచ్చింది. మా అత్తమ్మ మల్లమ్మ గేటు దగ్గర నిలబడి సాగర్ రోడ్డు మీద పోయే ప్రతి పసుపు మూటనూ చూసి, పువ్వుకు టికెట్ ఎందుకని నవ్వేది.

నేను పైనుంచి, పిట్టగోడ దగ్గర నిలబడి చూసేదాన్ని. మార్చి నుంచి నేను చూడటమే ఎక్కువ, గేటు దాటటం తక్కువ.

మాది పోచంపల్లి పక్క మగ్గాల ఊరు. ఎల్బీనగర్ చౌరస్తాకు ఇవతల, సాగర్ రోడ్డు పక్క గల్లీలో ఒక ఇంటి పై పోర్షన్ కిరాయికి తీసుకుని ఉంటున్నాం. మా ఆయన నరేష్‌కుమార్ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పని చేస్తాడు. మామయ్య హనుమాండ్లు చూపు తగ్గి మగ్గం దిగినా పని మానలేదు. గళ్ళ కాగితం మీద చీరల డిజైన్లు గీసి ఊరికి పంపుతాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక టైలర్ దగ్గర చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. మార్చి తర్వాత పోలేదు. పోవాలంటే చౌరస్తా దాటాలి.

ఒకసారి దాటి చూద్దామని మా ఆయన బండి వెనక కూర్చున్నాను. చౌరస్తాకు ముందున్న మెడికల్ షాపు దగ్గరికి వచ్చేసరికి చేతులు చల్లబడ్డాయి. బండి ఆపమని, మురుగు మోరీ దగ్గర కూర్చుని వాంతి చేసుకున్నాను. ఆయన నీళ్ళ బాటిల్ మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం, ఆయన బండి తోసుకుంటూ.

మా ఇంట్లో ఆ రోజును ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'అప్పుడు' అంటారు. అప్పుడు నాకు నెలలు నిండాయి. నొప్పులు వచ్చేసరికి అత్తమ్మ, మామయ్య ఊళ్ళో పెళ్ళికి పోయారు, మా ఆయన షాపుకు పోయాడు, ఫోను ఎత్తలేదు. కింద ఉండే ఇంటి ఓనర్ సూర్యప్రభ ఆంటీ నన్ను ఆటోలో ఎక్కించుకుని దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు బయల్దేరింది. చౌరస్తాలో రాష్ట్రం కోసం రాస్తారోకో జరుగుతోంది. ఆటో చాలాసేపు ఆగిపోయింది. దవాఖానకు చేరాక పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు. గుండె ఎప్పుడు ఆగిందో చెప్పలేమని డాక్టరమ్మ అంది. ముందే వస్తే బతికేదని అనలేదు, బతికేది కాదనీ అనలేదు. ఆ రెండింటి మధ్య నేను మిగిలిపోయాను.

పేపర్లో ఆడవాళ్ళ పేజీలో ఒకసారి చదివాను, మనసులో ఉన్నది కాగితం మీద పెడితే బరువు తగ్గుతుందని. నేను చదివింది మా ఊరి బడిలో. అక్కడ నాకు నేర్పిన రాతలు రెండే, వ్యాసం, సెలవు చీటీ. వ్యాసానికి ఉపోద్ఘాతం కావాలి. నా దానికి ఉపోద్ఘాతం దొరకలేదు. సెలవు చీటీయే నయమనుకుని, 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి, ఎవరికి రాస్తున్నానో తెలియక ఆ చోటు ఖాళీగా వదిలేశాను. చివరికి వచ్చింది ఇది: నాకు ఆరోగ్యం బాగుండనందున నా బిడ్డ హాజరు కాలేకపోయినది, కావున దయతో మన్నించగలరు, ఇట్లు తమ విధేయురాలు. చదువుకుంటే నాకే భయం వేసింది. బిడ్డ పోయింది నాకు. మన్నించమని అడుగుతున్నది కూడా నేనే. ముక్కలు చేసి పారేశాను. మళ్ళీ పెన్ను ముట్టుకోలేదు.

సమ్మె బాగా సాగుతున్నప్పుడు కృష్ణకుమారి టీచర్ మా ఇంటికి వచ్చింది. ఆమె సర్కారు బడిలో పని చేస్తుంది, మా గల్లీ చివరే ఇల్లు. గల్లీలో ఆడవాళ్ళందరికీ ఆమె టీచరక్క. ఈసారి ఆఖరి రోజు ఆడే సద్దుల బతుకమ్మ గుడి దగ్గర కాదు, ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద ఆడాలని అనుకున్నారట. అన్ని కాలనీల ఆడవాళ్ళూ వస్తారట. వచ్చేవాళ్ళు చాలామంది పట్నంలో పుట్టినవాళ్ళు. చప్పట్లు కొట్టటం తెలుసు గానీ పాటలు రావు. మా అత్తమ్మ ఊళ్ళో పాట ఎత్తుకునే మనిషి. ఆమె పాటలు రాయించి, జిరాక్స్ తీసి పంచుదామని టీచరక్క ఆలోచన.

"పాట రాసేదేంది, అది నోట్ల ఉంటది" అంది అత్తమ్మ.

"నీ నోట్ల ఉన్నది పెద్దమ్మా. గీ పిల్లల నోట్లకు ఎట్ల పోవాలె?"

అత్తమ్మ నా వైపు చూసింది. రాసే పని నాకు పడింది.

అత్తమ్మకు కూర్చుని చెప్పటం రాదు. రెండు ముక్కలు చెప్పి మూడోది మర్చిపోతుంది. చప్పట్లు కొడుతూ తిరిగితేనే పాట గుర్తొస్తుంది. అందుకని వంటింటి మధ్యలో గ్యాస్ సిలిండర్ పెట్టి, దాని మీద ఒక చెంబు పెట్టి, ఆమె దాని చుట్టూ తిరుగుతూ పాడేది. నేను గోడకు ఆనుకుని రాసేదాన్ని. మామయ్య గుమ్మంలోంచి తొంగిచూసి, "సిలిండర్‌కు పసుపు కుంకం గూడ పెట్టు" అని పోయేవాడు. ఆరు నెలల్లో మా ఇంట్లో ఎవరైనా పరాచికం ఆడటం అదే మొదలు.

మొదట ప్రతి ముక్క చివరా 'ఉయ్యాలో' అని పూర్తిగా రాశాను. చెయ్యి నొప్పి పుట్టి 'ఉ' అని పెట్టుకుంటూ పోయాను. మూడు మాటలు, ఉ. మూడు మాటలు, ఉ. అత్తింట్లో ఆకలి, అన్న కోసం ఎదురుచూపు, అడవిలో ఒంటరి నడక, ఎంత పెద్ద కష్టమైనా మూడు మాటల చొప్పున వచ్చేది. తర్వాత ఊపిరి తీసుకోవటానికి జాగా ఉండేది. మా ఊళ్ళో చిన్నప్పటి నుంచీ విన్న పాటలే అవి. రాసేదాకా ఆ జాగా నాకు కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ గునుగు పువ్వుకు రంగు అద్దటానికి మేడ మీదికి పోయింది. కరెంటు లేదు. వరండా వెలుతురులో కూర్చుని ముందు రోజు పాటను మంచి కాగితం మీదికి ఎక్కిస్తున్నాను. చెయ్యి దానంతట అది ఇంకో ముక్క రాసింది. 'నొప్పులే మొదలాయె, ఉ.' చూసుకున్నాను. అది అత్తమ్మ పాటలోది కాదు. ఉపోద్ఘాతం లేదు. ఎవరికి రాస్తున్నానన్న ప్రశ్నా రాలేదు. పెన్ను ఆ 'ఉ' మీదే ఉంచి చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి, 'ఆటోల నేనెక్కితి, ఉ' అని రాశాను. ఆ రోజుకు అంతే.

తర్వాత రోజూ కొన్ని ముక్కలు. తెల్లకాగితాలు అయిపోతే మామయ్య గళ్ళ కాగితాల వెనక రాశాను. బస్సులు లేక ఆయన డిజైన్లు ఊరికి పోకుండా ఇంట్లోనే ఉన్నాయి. ఆయన ఒకరోజు కొత్త కాగితాలు తెచ్చి నా పక్కన పెట్టి, డిజైనా అని అడిగాడు. పాట అన్నాను. ఎంతవరకు వచ్చిందన్నాడు. సగం కూడా కాలేదని చెప్పాను.

ఆయన నా పక్కనే కూర్చున్నాడు. "నేను ఎన్నడూ పూర చీర గీయలే బిడ్డా. ఒక్క మూల గీస్త. దారం మడతల ఉంటది గద, ఒక్కకాడ కట్టి రంగుల ముంచితే అదే బొమ్మ అన్ని కాడ్ల పడ్తది. అంత మనమే గీయాలనుకుంటె చెయ్యి పడిపోతది."

కాగితంలో ఏముందో ఆయన చదవలేదు. అద్దాలు నెత్తి మీదికి తోసుకుని తన పనికి పోయాడు.

చదివింది మా ఆయన. షాపు షట్టర్ సగం దించి నడుస్తోంది కాబట్టి పొద్దు ఉండగానే ఇంటికి వచ్చేవాడు. నేను బట్టలు తీసుకుని వచ్చేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు, చేతిలో గళ్ళ కాగితం. 'అడ్డంగ గూసున్నరు, ఉ. నా అన్నదమ్ములే, ఉ.' అక్కడిదాకా వచ్చి ఆగి ఉంది పాట.

ఆ రోజు ఆయన ఫోను ఎందుకు ఎత్తలేదో నేను ఎప్పుడూ అడగలేదు. ఆయన చెప్పలేదు. అంతకుముందు ఏ మీటింగ్ వదలని మనిషి, మార్చి తర్వాత దేనికీ పోవటం లేదు. అదొక్కటే నాకు తెలుసు.

"ఆ రోజు షాపులోళ్ళమంత దిల్‌సుఖ్‌నగర్‌ల రోడ్డు మీద కూసున్నం" అన్నాడు. "ఫోను జేబుల్నే ఉన్నది. నినాదాలల్ల వినవడలే. నా ముంగట గూడ ఆటోలు ఆగినయ్, ఆండాళూ. లోపట ఎవరున్నరో నేను సూడలే."

కాగితం నాకు ఇచ్చి, తాను కూడా ఇంకో దారిలో అడ్డం కూర్చున్నానని రాయమన్నాడు.

రాశాను. 'నా పెనిమిటి సుత, ఉ. ఇంకొక్క తొవ్వల, ఉ.' ఆయన పక్కన నిలబడి చూశాడు. మార్చి తర్వాత మేమిద్దరం కలిసి ఆ రోజులోకి పోవటం అదే మొదటిసారి. బయటికి కూడా కలిసే వచ్చాం.

ఇక మిగిలింది సూర్యప్రభ ఆంటీ. ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడ ఇల్లు కట్టుకుంది. ఆ రోజు ఆటో ఆగినప్పుడు ఆమే దిగి, రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ దగ్గరికి పోయి బతిమాలింది. 'బాబూ, పురుటి నొప్పులండీ, కాస్త దారి ఇవ్వండి.' ఆమె మాట వినగానే ఎవరో వెనక నుంచి, ఆంధ్రామె నాటకం మొదలువెట్టింది అన్నారు. కొందరు నవ్వారు. ఆమె దండం పెట్టి మళ్ళీ అడిగింది. మళ్ళీ నవ్వారు. ఆఖరికి ఒక పెద్దాయన వచ్చి ఆటోలోకి తొంగిచూసి, నన్ను చూసి, కేకలు వేసి అందరినీ లేపాడు. ఆటోలో నాకు నోరు పెగల్లేదు. అన్నీ వినబడ్డాయి.

అప్పటి నుంచి ఆంటీ పైకి రాలేదు. కిరాయి కూడా మా ఆయన చేతికే ఇమ్మనేది. నేను మెట్లు దిగుతుంటే తలుపు దగ్గరగా వేసుకునేది. నన్ను చూడటం ఆమెకు ఇష్టం లేదనుకున్నాను. కానీ చౌరస్తాలో పాడాలనుకుంటున్న నా పాటలో ఆమె ఉంది. అడగకుండా ఒక మనిషిని రోడ్డు మీదికి తీసుకుపోవటం తప్పనిపించి, కాగితం పట్టుకుని కిందికి దిగాను.

ఆమె పప్పు తాలింపు పెడుతోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, పాడకుండా చదివాను. ఆమె స్టవ్ ఆపింది గానీ వెనక్కి తిరగలేదు. 'ఇంటామె దిగి అడిగె. దండాలు బెట్టింది. మాట యాసను జూసి. మనసు జూడకపాయె.' అక్కడ ఆపి, ఇది పాడవచ్చా అని అడిగాను.

గరిటె పక్కన పెట్టి ఆమె అంది, "నేను నోరు మూసుకుని, ఆ ఆటో అబ్బాయిని పంపి ఉంటే ఐపోయేది కదా ఆండాళూ. వాడు మీవాడే. వాడు అడిగితే వదిలేసేవాళ్ళు."

నేను కాదనటానికి నోరు తెరిచేలోపు ఆమె ఇంకోటి చెప్పింది. "రోజూ అనుకుంటూ ఉంటాను, పాలు మరుగుతున్నప్పుడు. మీ అత్తగారు అనేట్టుగా. జర తొవ్వ ఇడువున్రి. జర తొవ్వ ఇడువున్రి. మళ్ళీ ఎవరికైనా అలాంటి అవసరం వస్తే నాకు అనటం రావాలి కదా. సరిగ్గా తిరగట్లేదమ్మా నాలుక."

అంటూ ఇంకోసారి అని చూపించింది. నిజంగానే తిరగలేదు. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. ఆమె కొంగుతో ముందు నా మొహం తుడిచి, తర్వాత తనది తుడుచుకుంది. నన్ను చూడలేక కాదు, నాకు మొహం చూపించలేక తలుపు వేసుకునేదని అప్పుడు తెలిసింది. పాడమంది. తాను కూడా వస్తానంది. చప్పట్లు ఎటు కొట్టాలో చెప్పమంది. ఆ సాయంత్రం మా వంటింట్లో సిలిండర్ చుట్టూ ఇద్దరు తిరిగారు.

సద్దుల ముందు రోజు జిరాక్స్‌కు ఇవ్వటానికి టీచరక్కకు కాగితాలన్నీ ఇచ్చాను, చివర నాది కూడా పెట్టి. ఆమె నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ మెట్ల మీద కూర్చుంది. ఆ మార్చి రోజు చౌరస్తాలో తాను కూడా ఉందో లేదో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

"నిజమే చెల్లె. ప్రతి ముక్క నిజమే. గని గీ టైంల వద్దు" అంది. "టీవీలోళ్ళు వస్తరు. మన నోటితోని మనమే అంటే, రేపు రాష్ట్రం వద్దనేటోళ్ళు అదే పట్టుకుంటరు. రాష్ట్రం రానీ. వచ్చినంక నువ్వే పాడు, నేనే మైకు పట్టుకుంట."

ఆమె చెడ్డ మనిషి కాదు. జీతం లేకుండా ఎండలో తిరుగుతోంది. నాకు మాట అందేసరికి ఎప్పుడూ ఆలస్యమవుతుంది. అంట్లు తోముతున్న అత్తమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఏం రాసినవ్ సదువు అంది. అంతవరకూ ఆమెకు తెలియదు. చదివాను. అత్తమ్మ నిలబడే వింది. మళ్ళీ పోయి అంట్ల ముందు కూర్చుంది. ఆమెకు కూడా వద్దనే ఉందనుకున్నాను. టీచరక్క నా కాగితం నాకు తిరిగి ఇచ్చి, మిగతావి తీసుకుని పోయింది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక బతుకమ్మలు ఎత్తుకుని నడిచాం. మెడికల్ షాపు రాగానే నా చేతులు చల్లబడ్డాయి. అత్తమ్మ తన నెత్తి మీది బతుకమ్మను తీసి నా నెత్తి మీద పెట్టింది. రెండు చేతులా పట్టుకోక తప్పలేదు. బరువుకు మెడ నిటారుగా అయింది. తల తిప్పి చూడలేను కాబట్టి ముందుకు నడిచాను.

చౌరస్తాలో నాలుగు వైపులా రోడ్డు నిండిపోయి ఉంది. నాగోల్ వైపు నుంచి, బాలాపూర్ వైపు నుంచి, వనస్థలిపురం నుంచి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. పోలీసులు షాపుల నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆగిన లారీల డ్రైవర్లు ముందు అద్దాల మీద కాళ్ళు పెట్టుకుని చూస్తున్నారు. బతుకమ్మలను నడిమధ్య పెట్టి వరసలు వరసలుగా తిరగటం మొదలైంది. మైకు టీచరక్క చేతిలో ఉంది. అత్తమ్మ పాట ఎత్తుకుంటే రోడ్డంతా ఉయ్యాలో అంది. జిరాక్స్ కాగితాలు పట్టుకున్న ఆడపిల్లలు మొదట తడబడి, తర్వాత కాగితాలు జాకెట్లలో దోపుకుని చేతులు కలిపారు. సూర్యప్రభ ఆంటీ నా వెనక, ఒక అడుగు ఆలస్యంగా.

మూడో పాట మధ్యలో అత్తమ్మ ఆగింది. టీచరక్క చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇగ నా కోడలు ఎత్తుకుంటది. దాని పాట అది కట్టుకున్నది. ఇనున్రి."

టీచరక్క ఆమెను చూసింది, నన్ను చూసింది. మైకు వైరు ఆమె కాలి దగ్గరే ఉంది. లాగలేదు.

నా గొంతు సన్నగా వచ్చింది. మైకులో అది నాది కాదన్నట్టు వినిపించింది. నొప్పులే మొదలాయె అన్నాను. రోడ్డంతా ఉయ్యాలో అంది. ఆటోల నేనెక్కితి. ఉయ్యాలో. నాలుగు తొవ్వల్ల, నా ఆటో ఆగెను. ఉయ్యాలో. ప్రతి ముక్క తర్వాతా అందరూ పలికేదాకా నేను ఊపిరి తీసుకుంటున్నాను. మామయ్య చెప్పిన మడత అదే. నేను కట్టింది ఒక్కచోట. పడుతున్నది రోడ్డంతా.

అడ్డంగ గూసున్నరు అన్నాను. ఉయ్యాలో.

నా అన్నదమ్ములే.

జవాబు రాలేదు. చప్పట్లు ఆగాయి. అడుగులు ఆగాయి. ముందు వరసలో ఒకామె పక్కామెను చూసింది. ఎక్కడో ఒక లారీ ఇంజను ఆడుతున్న చప్పుడు వినిపించింది. నేను ఆ 'ఉ' దగ్గర నిలబడ్డాను. అక్కడ ఎంతసేపైనా నిలబడవచ్చని నాకు తెలుసు.

"ఉయ్యాలో" అంది అత్తమ్మ, ఒక్కతే.

"ఉయ్యాలో" అంది నా వెనక నుంచి ఇంకో గొంతు. మా వాళ్ళెవరూ దాన్ని అలా సాగదీయరు. సూర్యప్రభ ఆంటీ.

మూడో గొంతు మైకు పక్కనే లేచింది. టీచరక్క. ఆ తర్వాత ఎవరివో నాకు తెలియదు. అన్నీ కలిసిపోయాయి.

నేను ఆగలేదు. నా పెనిమిటి సుత, ఇంకొక్క తొవ్వల. ఇంటామె దిగి అడిగె. దండాలు బెట్టింది. మాట యాసను జూసి, మనసు జూడకపాయె. చప్పట్లు ఈసారి మెల్లగా, గట్టిగా పడుతున్నాయి. కొందరు కళ్ళు తుడుచుకుంటూ కొట్టటం వల్ల లయ తప్పుతున్నారు.

అప్పుడే సాగర్ రోడ్డు వైపు నుంచి ఒక ఆటో హారన్ కొట్టింది. చిన్నగా, ఒక్కసారే, భయపడుతూ కొట్టినట్టు. వెనక సీట్లో ఎవరో పడుకుని ఉన్నారు. పాటలో ఉన్న ఆడవాళ్ళకు అది వినబడలేదు. నాకు వినబడింది. నా నోరు పాటలో ఉంది.

"జర తోవ్వ ఇడవుండ్రి" అని అరిచింది సూర్యప్రభ ఆంటీ.

అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. ఆరు నెలలు పాల గిన్నె ముందు సాధన చేసిన మాట, ఇప్పటికీ తప్పే. పక్క వరసలో ఇద్దరు నవ్వారు. నవ్వుతూనే జరిగారు. వాళ్ళ వెనకవాళ్ళు జరిగారు. వరస తర్వాత వరస విప్పుకుంటూ పోయింది, బతుకమ్మల పక్క నుంచి ఆటో పట్టేంత తొవ్వ పడింది. చప్పట్లు ఆగలేదు. ఆటో మెల్లగా మా మధ్యకు వచ్చింది. లోపల కాలికి కట్టు కట్టుకున్న ముసలాయన. తల ఎత్తి, నాకేం తొందర లేదు, జరసేపు ఇని పోదాం ఆపురా అని డ్రైవర్ మీద విసుక్కుంటున్నాడు. డ్రైవర్ ఆపకుండా దాటించేశాడు. వెనక వరసలు మళ్ళీ కలిశాయి.

మిగిలినవి నాలుగు ముక్కలు. వాటిని ఇంట్లో ఎవరికీ చదివి వినిపించలేదు. మాలో బిడ్డకు పురుడు వెళ్ళాకే పేరు పెడతారు. అంతకు ముందే పోతే పేరు ఉండదు, లెక్కలోకి రాదు. ఎవరైనా పిల్లలెంతమందని అడిగితే ఇంకా లేరని చెప్పాలి. ఆరు నెలలుగా నేను అట్లే చెప్తున్నాను.

పేరన్న వెట్టకనె ఉయ్యాలో
మన్నుల దాసిరి ఉయ్యాలో
నేను వెట్టిన పేరు ఉయ్యాలో
ఇందమ్మ నీ పేరు ఉయ్యాలో

అత్తమ్మ తిరుగుతూ తిరుగుతూ నా ముఖంలోకి చూసింది. ఇందమ్మ, అని తనలో తాను అనుకుంది. తర్వాత మైకు ముందుకు వంగి, ఆ ముక్కను తనే మళ్ళీ ఎత్తుకుంది. రోడ్డంతా నా బిడ్డ పేరు విని ఉయ్యాలో అంది. చీకటి పడుతున్న, లైట్లు లేని చౌరస్తాలో, నాలుగు వైపులా, ఎవరో తెలియని ఆడవాళ్ళు. అత్తమ్మ ఆపలేదు. వాళ్ళు ఆపలేదు. ఆ రోజు నా బిడ్డను ఎంతమంది పిలిచారో.

దసరా పోయింది, ఇంకొన్నాళ్ళకు సమ్మె ముగిసింది. బస్సులు బయటికి వచ్చాయి. రాష్ట్రం రావటానికి ఇంకా ఏళ్ళు పట్టింది, అది వేరే కథ. ఆ తర్వాత మా చౌరస్తాలో ఎప్పుడు రోడ్డు మీద కూర్చున్నా, టీచరక్క ముందే ఒక పక్క సున్నంతో గీత గీయించి, ఆటో పట్టేంత జాగా వదిలించేది. ఎందుకని ఎవరైనా అడిగితే, అది గట్లనే, అని ఊరుకునేది.

దీపావళి ముందు టైలర్ దగ్గర నుంచి కబురు వచ్చింది, కుట్టాల్సిన చీరలు గుట్టలు పడ్డాయి, వస్తావా అని. వస్తానన్నాను. మా ఆయన బండి మీద దింపుతానన్నాడు. వద్దని బస్సు ఎక్కాను. టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ఉన్న సంచిని గట్టిగా పట్టుకున్నాను. మెడికల్ షాపు ఇంకా రాలేదు.

నా పక్కన నా వయసు ఆమె కూర్చుంది. ఒడిలో పిల్లవాడు నిద్రపోవటం లేదు. వాడి వీపు తడుతూ చిన్నగా పాడుతోంది. 'ఇందమ్మ నీ పేరు ఉయ్యాలో.' నేను తల తిప్పాను. ఆమె ఆపకుండా ఇంకో ముక్క అందుకుంది. 'లింగస్వామి తమ్మ ఉయ్యాలో, నీ పేరు మరువలే ఉయ్యాలో.' అది నేను రాయలేదు.

ఆ పాట ఎవరిదని అడిగాను.

"మా వాడకట్టుదే. బాలాపూర్" అంది. "మా పెద్దమ్మ కట్టింది. మాకాడ ఇప్పుడు ఎవలింట్ల పోయినోళ్ళ పేరు వాళ్ళు కలుపుకుంటున్నరు. లింగస్వామి నా తమ్ముడు. బాయిల పడ్డడు చిన్నగున్నప్పుడు. ఇంట్ల వాని పేరు ఎత్తనిచ్చేటోళ్ళు కాదు."

వాళ్ళ పెద్దమ్మ కట్టిందంటే కాదని చెప్పాలని నాకు అనిపించలేదు. ఆ తమ్ముడి ముక్క ఇంకోసారి పాడమన్నాను. ఆమె కొంచెం సిగ్గుపడి, పిల్లవాడిని భుజానికి ఎత్తుకుని పాడింది. ప్రతి ముక్క చివరా నేను ఉయ్యాలో అన్నాను. మా ముందు సీటు ముసలామె కూడా తిరిగి చూడకుండానే అంది.

కండక్టర్ కొత్తపేట, కొత్తపేట అని కేక వేశాడు. కిటికీలోంచి చూస్తే నిజంగానే కొత్తపేట. చౌరస్తా ఎప్పుడో వెనక్కి పోయింది. నేను చూసుకోలేదు.